వెనిస్ తీగల అక్షరం: పుస్తకం తొలి అక్షరాన్ని చెక్కి అచ్చు వేయడం ఎలా

1482 మే 25న వెనిస్‌లో ఎర్హార్డ్ రాట్‌డోల్ట్ అనే ముద్రాపకుడు యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్'ను మొదటిసారి అచ్చులోకి తెచ్చాడు. ఆ పుస్తకం మొదటి పేజీ చూస్తే జ్యామితి పుస్తకం అనిపించదు. ఎర్ర సిరాతో శీర్షిక, మూడు వైపులా తీగల అంచు, పక్క మార్జిన్‌లో రేఖాచిత్రాలు. "బిందువు అంటే భాగం లేనిది" అనే మొదటి వాక్యం ముందు నల్లని చదరంలో తెల్లని తీగల మధ్య తెల్లని 'పి' అక్షరం. దాన్ని చెక్క దిమ్మ మీద చెక్కి, సీసపు అక్షరాలతో కలిపి ఒకే ఫారంలో (అచ్చుకి అన్నీ కలిపి బిగించే చట్రం) బిగించి అచ్చు వేశారు.

అలాంటి అక్షరాన్ని ఇంట్లో లినో (లినోలియం) అనే మెత్తని షీటు మీద చెక్కి, మీ పాఠం పక్కన అచ్చు వేసుకునే పద్ధతి ఇది. ప్రెస్ అక్కర్లేదు. ఓపికగా చేస్తే రెండు సెలవు రోజుల పని. నలుపు మీద తెలుపు శైలినే ఎందుకు ఎంచుకున్నానంటే, అందులో అక్షరాన్నీ తీగనూ తవ్వేస్తే చాలు, మిగిలినదే నేపథ్యం అవుతుంది. నల్ల అక్షరం కావాలంటే దాని చుట్టూ ఉన్నదంతా తీసేయాలి. కొత్తవాళ్ల చేతికి అది కష్టం, పైగా అంచులు పగిలిపోతాయి.

ముందు కొంచెం చరిత్ర

అచ్చు మొదలైన కొత్తలో ఈ అక్షరాలు ముద్రాపకుడి బాధ్యత కావు. జర్మనీలోని మైంజ్‌లో 1455 ప్రాంతంలో పూర్తయిన గూటెన్‌బర్గ్ బైబిల్‌లో మొదటి కొన్ని పేజీల్లో శీర్షికలను ఎర్ర సిరాతో అచ్చు వేసి చూశారు. రెండు రంగులంటే రెట్టింపు పని కాబట్టి మానేశారు. అక్కడి నుంచి ఖాళీ వదిలి, చేత్తో రంగులు వేసే పనివాడికి అప్పజెప్పారు. అప్పటి ముద్రాపకుల్లో చాలామంది ఆ ఖాళీలో ఒక చిన్న అక్షరాన్ని గుర్తుగా అచ్చు వేసేవారు, దాని మీద పెద్ద అక్షరం గీయాలన్నమాట. కొన్నవాళ్లు డబ్బు పెట్టి గీయించుకోకపోతే ఆ ఖాళీ అలాగే మిగిలేది. ఈనాటికీ పదిహేనో శతాబ్దపు పుస్తకాల్లో బోసి చదరం మధ్య ఒంటరిగా నిలబడ్డ ఆ చిన్న అక్షరం చాలాచోట్ల కనిపిస్తుంది.

1457 ఆగస్టు 14 తేదీ వేసిన మైంజ్ కీర్తనల గ్రంథంలో యోహాన్ ఫుస్ట్, పీటర్ షోఫర్ ఆ అక్షరాలను ఎరుపు, నీలం రంగుల్లో యంత్రం మీదే అచ్చు వేశారు. అక్షరం ఒక లోహపు ముక్క, చుట్టూ ఉన్న నగిషీ ఇంకో ముక్క. అందమైన పెద్ద అక్షరాలతో అలంకరించామని పుస్తకం చివరి గమనికలో గర్వంగా చెప్పుకున్నారు కూడా. అంత శ్రమ అందరూ పడలేరు. చవకగా చేయగలిగింది చెక్క అచ్చే. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆ చెక్క అచ్చుల మీద ముద్రాపకులకూ చెక్కేవాళ్ల సంఘానికీ తగాదా కూడా నడిచింది. ఆ ఊరివాడే రాట్‌డోల్ట్. 1476లో వెనిస్ చేరి, చిత్రకారుడు బెర్నార్డ్ మాలర్, పీటర్ లోస్లైన్‌లతో కలిసి ముద్రణాలయం పెట్టాడు. ఇటలీలో చేతిరాత పుస్తకాలకు అప్పటికే తెల్ల తీగల అలంకారం ఫ్యాషన్. దాన్ని రంగులు లేకుండా వట్టి నలుపు తెలుపుల్లోకి దించడం ఇతని ముద్రణాలయం పనితనం. 1486లో తిరిగి ఆగ్స్‌బర్గ్ వెళ్లిపోయాడు.

కావలసినవి

3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న లినో షీటు, అరచేతిలో సగం ముక్క చాలు. సన్నని వి ఆకారపు ఉలి, రెండు సైజుల్లో యు ఆకారపు ఉలులు, పదునైన క్రాఫ్ట్ కత్తి. ట్రేసింగ్ కాగితం, 4బి పెన్సిలు, నల్ల మార్కరు. చిన్న రబ్బరు రోలరు, సిరా పరచడానికి ఒక గాజు పలక, బ్లాక్ ప్రింటింగ్‌కి వాడే నల్ల ఆయిల్ సిరా. రుద్దడానికి ఒక స్టీలు గరిట.

చెక్క మీదే చెయ్యాలని ఉంటే బేరి, చెర్రీ వంటి నున్నని చెక్కలు యూరప్‌లో వాడుకలో ఉన్నవి. మనకు అందేది ఎక్కువగా టేకు. పెడన కలంకారీ అచ్చులు టేకు మీదే చెక్కుతారు, ఆ పనివాళ్ల నేర్పు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఆ అచ్చు పడేది గుడ్డ మీద, గీత కాస్త లావుగా ఉన్నా చెల్లుతుంది. కాగితం మీద అర మిల్లీమీటరు గీత నిలబెట్టాలంటే టేకు నారలో రంధ్రాలు అడ్డం పడతాయి. మొదటి నాలుగైదు అక్షరాలకు లినోయే నయం.

మొదటి మెట్టు: పాఠం నుంచి కొలత తీయండి

చాలామంది ముందు అందమైన అక్షరం గీసి, తర్వాత దాన్ని పేజీలో ఎక్కడో ఇరికిస్తారు. ఆ అక్షరం పాఠంతో కలవదు. స్టిక్కరు అంటించినట్టు ఉంటుంది. సీసపు అక్షరాలు పేర్చే పాతకాలపు కంపోజిటరుకి ఆ వీలే లేదు, చెక్క దిమ్మ కొలత సరిగ్గా ఇన్ని వరుసలకు సమానం కాకపోతే ఫారం బిగుసుకోదు. మీరూ అలాగే మొదలుపెట్టండి.

మీ పాఠం 14 పాయింట్ల అక్షరాల్లో, వరుసకి వరుసకి 18 పాయింట్ల దూరంతో ఉందనుకుందాం. అక్షరం ఆరు వరుసల ఎత్తు ఉండాలి. చదరం పై అంచు మొదటి వరుస అక్షరాల నెత్తితో, కింది అంచు ఆరో వరుస అక్షరాల పాదంతో కలవాలి. కాబట్టి ఐదు వరుసల దూరం 90 పాయింట్లు, దానికి ఒక అక్షరం ఎత్తు సుమారు 10 పాయింట్లు కలిపితే 100 పాయింట్లు. పాయింటు అంటే 0.353 మిల్లీమీటర్లు కాబట్టి చదరం భుజం 35 మిల్లీమీటర్లు. మీ ఫాంటు మారితే ఆ 10 మారుతుంది. పాఠం ప్రింటు తీసి స్కేలుతో కొలుచుకోవడమే నమ్మకమైన దారి.

మూడు వరుసల అక్షరంలో తీగలు పెట్టాలని చూడకండి. చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ గీసిన బొమ్మల అక్షరాలను హాన్స్ ల్యూట్‌జెల్‌బర్గర్ సుమారు 24 మిల్లీమీటర్ల చదరంలో అస్థిపంజరాలతో సహా చెక్కాడు, నిజమే. ఆయన బాసెల్‌లో ఆ కాలపు మేటి చెక్కుడు పనివాడు.

రెండో మెట్టు: అక్షరం గీయడం

35 మిల్లీమీటర్ల చదరంలో చుట్టూ మిల్లీమీటరు నల్ల అంచు, దాని లోపల మరో సన్నని తెల్ల గీత పెట్టుకోవచ్చు. అక్షరం ఎత్తు 27 లేదా 28 మిల్లీమీటర్లు చాలు. తీగ తిరగడానికి చోటు కావాలి.

నిలువు గీత లావు ఎంత ఉండాలన్నది ఆ రోజుల్లో పెద్ద చర్చ. 1509లో ఇటలీ గణితవేత్త లూకా పాచోలి ఎత్తులో తొమ్మిదో వంతు అన్నాడు. 1529లో పారిస్‌లో ముద్రాపకుడు జొఫ్రా తోరీ పదో వంతు అన్నాడు. ఆ లెక్కలు నల్ల అక్షరానికి. తెల్ల అక్షరానికి నా సలహా ఎనిమిదో వంతు. అచ్చు నొక్కినప్పుడు సిరా అంచుల నుంచి లోపలికి పాకుతుంది, తెలుపు సన్నబడుతుంది. 28 మిల్లీమీటర్ల అక్షరానికి 3.5 మిల్లీమీటర్ల లావు పెడితే అచ్చులో అది సరైన లావుకి వస్తుంది. సన్న గీతలు కూడా మిల్లీమీటరుకి తగ్గకూడదు.

మూడో మెట్టు: తీగ

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి.

తీగకి ఒక పుట్టుక ఉండాలి. చదరం మూల నుంచో, అక్షరం పాదం దగ్గరో ఒకే కాండంగా బయల్దేరి, అక్షరం వెనక నుంచి దాటి, ఖాళీ ఎక్కువ ఉన్న చోట చుట్ట తిరగాలి. 'పి' అయితే పెద్ద చుట్ట కుడి కింది ఖాళీలో వస్తుంది. పొట్టలో చిన్న చుట్ట, ఎడమ పక్క సన్నని కొమ్మ. ప్రతి కొమ్మా కాండం సాగే దిశలోనే చీలాలి, ఎదురు తిరిగి పుట్టకూడదు. చుట్ట చివర మూడు రేకల ఆకో, చిన్న పువ్వో పెట్టి ముగించండి. అక్కడక్కడా వేరే మొక్క ముక్కలు తెచ్చి ఖాళీలు పూడిస్తే దృష్టి వెంటనే పట్టేస్తుంది.

కొలతల్లో మూడు పట్టింపులు పెట్టుకోండి. తీగ లావు అక్షరం లావులో సగానికి మించకూడదు, అంటే 1.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మించితే అక్షరం ఏదో తీగ ఏదో తెలియదు. తీగకీ తీగకీ మధ్య నలుపు కనీసం మిల్లీమీటరు ఉండాలి. తీగ అక్షరాన్ని తాకే చోట రెండు తెలుపుల మధ్య ఒక సన్నని నల్ల గీత, అర మిల్లీమీటరు కన్నా కొంచెం లావుగా, తప్పక నిలవాలి. ఆ గీతే లేకపోతే తీగ వెనక నుంచి వెళ్తోందన్న భ్రమ పోయి రెండూ కలిసి ముద్దవుతాయి.

గీయడం అయ్యాక కాగితాన్ని గోడకి ఆనించి ఆరడుగుల దూరం నుంచి కళ్లు సగం మూసి చూడండి. నలుపు, తెలుపు దాదాపు సరిసమానంగా కనిపించాలి. మీ పాఠం ప్రింటు దాని పక్కన పెట్టి చూస్తే ఇంకా మంచిది. పాఠం సన్నని అక్షరాల్లో ఉంటే నల్లని చదరం పేజీని మింగేస్తుంది, అప్పుడు తీగలు పెంచి నలుపు తగ్గించండి. రాట్‌డోల్ట్ యూక్లిడ్‌లో వాడింది బరువైన గోథిక్ అక్షరాలు. ఆ నల్లని 'పి' వాటి పక్కన ఇమిడిపోవడానికి కారణం అదే.

నాలుగో మెట్టు: తిరగేసి దించడం

అచ్చులో ఎడమ కుడి అవుతుంది. ట్రేసింగ్ కాగితం మీద 4బి పెన్సిలుతో గీసి, గీసిన వైపు లినోకి తగిలేలా బోర్లించి, వెనక నుంచి గరిటతో రుద్దితే బొమ్మ దానంతట అదే తిరగబడి దిగుతుంది. 'ఏ', 'ఓ', 'టీ' లాంటి ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు తిరగేసినా ఒకేలా ఉంటాయి కాబట్టి వాటితో మొదలుపెడితే ఒక టెన్షన్ తగ్గుతుంది. కానీ తీగ మటుకు తిరుగుతుందని గుర్తుంచుకోండి.

పెన్సిలు గీత చెయ్యి తగిలి చెరిగిపోతుంది. వెంటనే మార్కరుతో, నిలవాల్సిన భాగమంతా నలుపు నింపేయండి. ఇప్పుడు మీ ముందున్నది రేపటి అచ్చుకి అద్దంలో బొమ్మ. నల్లగా ఉన్నదాన్ని ముట్టుకోకూడదు, మిగిలింది తవ్వాలి.

ఐదో మెట్టు: చెక్కడం

లినోని పావుగంట ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. చలికాలంలో గట్టిపడ్డ లినో పెళుసుగా విరుగుతుంది. అంచు ఉన్న పలక ఒకటి బల్లకి తగిలించి, షీటుని దానికి ఆనించి చెక్కండి. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి, ముందుకి రాకూడదు.

సన్నని పని ముందు, వెడల్పాటి పని చివర. మొదట అక్షరానికీ తీగకీ మధ్య ఉన్న ఆ అర మిల్లీమీటరు గీతలు. కత్తిని గీతకి దూరంగా వాల్చి, రెండు పక్కలా కోయండి. గీత నిలువు కోతలో చూస్తే కిందికి వెడల్పయ్యే గుట్టలా ఉండాలి. కత్తి గీత కిందికి వాలితే పైన బాగానే ఉన్నా, నాలుగో అచ్చుకి ఆ గీత కూలిపోతుంది. పాతకాలపు చెక్క పనివాళ్లు ఉలికన్నా కత్తినే నమ్ముకున్నారు. వాళ్లు చెక్కింది పలక ముఖం మీద, నార వెంట. అడ్డంగా కోసిన గట్టి చెక్క మీద ఉలితో గీతలు తీసే పద్ధతి పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో థామస్ బ్యూయిక్ చేతుల్లో పేరు తెచ్చుకుంది.

తర్వాత వి ఉలితో తీగల అంచులు. వంపు వచ్చినప్పుడు ఉలిని తిప్పకుండా లినో ముక్కనే తిప్పండి. చుట్ట గుండ్రంగా రావడానికి ఇంతకు మించిన కిటుకు లేదు. చివరగా యు ఉలితో అక్షరం లోపల. సన్నని తీగకి అర మిల్లీమీటరు లోతు సరిపోతుంది, అక్షరం లావు భాగానికి ఒక మిల్లీమీటరు కావాలి. వెడల్పు పెరిగే కొద్దీ రోలరు లోపలికి దిగి సిరా అంటిస్తుంది కాబట్టి లోతూ పెరగాలి. అన్నీ అయ్యాక చదరం బయటి లినోని స్కేలు పెట్టి కత్తితో కోసేయండి.

ఆరో మెట్టు: ప్రూఫు

సిరా వేసే ముందు పల్చటి కాగితం పరిచి, పెన్సిలు పక్కవాటుగా రుద్దండి. ఇంకా ఎక్కడ తవ్వాల్సి ఉందో తెలుస్తుంది. తర్వాత సిరాతో ప్రూఫు, అంటే సరిచూసుకోవడానికి తీసే తొలి అచ్చు. తీయడం ఎప్పుడైనా తీయొచ్చు, తీసింది మళ్లీ పెట్టలేం, అందుకే మొదటి ప్రూఫులో నలుపు కొంచెం ఎక్కువ ఉండటమే మంచిది.

ఏడో మెట్టు: అచ్చు

గాజు మీద సిరా పల్చగా పరిచి రోలరు అటూ ఇటూ తిప్పండి. పొర సరిగ్గా ఉంటే సన్నని సరసర శబ్దం వస్తుంది. చప్పరించినట్టు బంకగా మోగితే సిరా ఎక్కువైంది. పల్చటి పొరలు మూడు నాలుగు సార్లు వేయండి, ఒక్కసారి దట్టంగా వేస్తే సన్న తెలుపులు పూడుకుపోతాయి.

పాతకాలంలో కాగితాన్ని తడిపి అచ్చు వేసేవారు, తడి కాగితం మెత్తగా వంగి సిరాని బాగా తీసుకుంటుంది. ఇంట్లో ముందు రోజు రాత్రి కాగితాల మధ్య తడి బట్ట పెట్టి బరువు ఉంచండి. పాఠం కంప్యూటరు ప్రింటు అయితే ఒక జాగ్రత్త ఉంది. ఇంక్‌జెట్ అక్షరాలు తడికి పాకిపోయే ప్రమాదం ఎక్కువ, లేజరు ప్రింటు తట్టుకుంటుంది. వరస కూడా ముఖ్యం, పాఠం ముందు, బొమ్మ అక్షరం తర్వాత. ఆరని ఆయిల్ సిరా ఉన్న కాగితాన్ని లేజరు ప్రింటరులోకి పంపితే ప్రింటరు పాడవుతుంది.

సరైన చోట పడాలంటే అట్ట మీద ఎల్ ఆకారంలో ఒక మూల అంటించి, పేజీ మూల ప్రతిసారీ అక్కడే ఆనేలా చూసుకోండి. లినో ముక్క ఉండాల్సిన చోటు కూడా అదే అట్ట మీద గీసి ఉంచాలి. కాగితం దించాక గరిట వెనకవైపుతో మధ్య నుంచి అంచులకి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. ఒక మూల ఎత్తి చూసి, చాలకపోతే దించి మళ్లీ రుద్దొచ్చు.

నలుపు మచ్చలు మచ్చలుగా పడుతోందా? పెద్ద నల్లని మైదానం సమంగా పడటం అప్పుడూ ఇప్పుడూ కష్టమే. దానికి పాతవాళ్ల విరుగుడు చుక్కలు. నల్లని నేపథ్యం నిండా చిన్న తెల్ల చుక్కలు పెడితే మచ్చ కనపడదు, పైగా తీగ వెనక బూడిద రంగు నీడలా వస్తుంది. పారిస్‌లో తోరీ కాలపు అక్షరాలు ఆ చుక్కల నేపథ్యానికే ప్రసిద్ధి. వి ఉలి మొనతో గిల్లితే లినో మీదా వస్తాయి.

పాఠంతో కలిపే పద్ధతి

చదరానికి కుడి పక్కన, కింద ఒకే ఖాళీ వదలండి, మిల్లీమీటరున్నర చాలు. ఇంగ్లిష్, లాటిన్ పాఠాల్లో బొమ్మ అక్షరం తర్వాతి అక్షరాన్ని కూడా పెద్దదిగా వేయడం ఆనాటి ముద్రాపకుల అలవాటు, కన్ను బొమ్మ మీద నుంచి వరుసలోకి జారడానికి అది మెట్టులా పనిచేస్తుంది.

తెలుగు పాఠానికి చెక్కుతున్నారా? మొదటి అక్షరం అంటే గుణింతం, వత్తుతో సహా మొత్తం. 'శ్రీ'లో రావత్తు విడదీసి వరుసలో వదలడం కుదరదు. వత్తు కిందికి దిగుతుంది కాబట్టి చదరంలో అసలు అక్షరాన్ని పై మూడింట రెండు వంతుల్లో పెట్టి, వత్తుకి కింద చోటివ్వండి. అప్పుడు అక్షరం పాదం వరుసతో కలవదు, ఫర్వాలేదు, చదరం అంచు కలిస్తే చాలు. చట్రం లేని అక్షరానికి ఈ వెసులుబాటు ఉండదు. మన అక్షరాల్లో లావు సన్నాల తేడా తక్కువ, గీతంతా 3 మిల్లీమీటర్లు పెట్టుకోవచ్చు. 'ఖ', 'ఋ' లాంటి మెలికలు ఎక్కువున్నవి వదిలి 'ద', 'గ', 'న', 'ర'లతో మొదలుపెట్టండి. తలకట్టు విడిగా ఉండే గీత కాబట్టి దాన్నే తీగ కొసగా మలచాలనిపిస్తుంది. ఒక్కసారి చేసి, పాఠం తెలియని మనిషికి చూపించండి. అక్షరం పేరు వెంటనే చెప్పలేకపోతే తలకట్టుని మామూలుగానే ఉంచేయండి.

రెండు రంగులు కావాలంటే

మైంజ్ పద్ధతి లినోతో సాధ్యమే. ఈసారి అక్షరం తవ్వకుండా నిండుగా ఉంచి, దాని అంచు వెంట కత్తితో లినోని పూర్తిగా కోసి అక్షరాన్ని విడదీయండి. అక్షరానికి ఎరుపు, మిగతా ముక్కకి నీలం విడివిడిగా రోలరు పట్టించి, మళ్లీ కలిపి ఒకే నొక్కుతో అచ్చు తీయండి. కోత దగ్గర సన్నని తెల్ల గీత వస్తుంది, అందంగానే ఉంటుంది. గుండ్రటి అక్షరాలు కోయడం కష్టం, 'ఎల్', 'టీ' తేలిక.

దాచుకోవడం, మళ్లీ వాడటం

పని అయ్యాక వంటనూనె గుడ్డతో తుడిచి, చదునుగా పెట్టి దాచండి. ముద్రాపకులు ఒకే దిమ్మను ఏళ్ల తరబడి ఎన్నో పుస్తకాల్లో వాడేవారు. అంచు విరిగినా, పురుగు తొలిచినా పక్కన పెట్టేవారు కాదు. పేరు, తేదీ లేని పుస్తకం ఎవరి ప్రెస్‌లో, ఎప్పుడు అచ్చయిందో ఈనాటి పరిశోధకులు పట్టుకునే దారుల్లో ఆ విరిగిన అంచులు ఒకటి. ఒక పుస్తకంలో లేని పగులు ఇంకో పుస్తకంలో కనిపిస్తే రెండోది తర్వాతిదన్నమాట.

అక్షరమాల మొత్తం చెక్కే ఓపిక లేనివాళ్లకి పాతవాళ్లే ఒక దొంగదారి వదిలిపెట్టారు. తీగల చట్రం ఒక్కటే చెక్కి, నడుమ చదరపు రంధ్రం వదిలేవారు. ఏ పుస్తకానికి ఏ అక్షరం కావాలో ఆ సీసపు అక్షరాన్ని రంధ్రంలో దిగేసేవారు. లినోలోనూ 35 మిల్లీమీటర్ల చట్రం మధ్యలో 15 మిల్లీమీటర్ల రంధ్రం కోసి, విడివిడి అక్షరాలు చెక్కి పెట్టుకోవచ్చు. తీగ అక్షరాన్ని చుట్టుకోదు కాబట్టి అది రెండో తరగతి పనే. పెళ్లి శుభలేఖలకి, పిల్లల పేర్లతో పుస్తకాల మీద వేసే ముద్రలకి మాత్రం దీన్ని మించింది లేదు.